ఆఖరున తినేవాడు

గంగాళంలో నీళ్లు సలసల కాగుతున్నాయి. లియాఖత్ అలీ కలియబెట్టే కట్టెను పైకెత్తి, దాని కొన నుంచి జారిన చుక్కను అరచేతిలో పట్టాడు. ఉఫ్‌మని ఊది నాలుక మీద వేసుకున్నాడు.

ఉప్పు తక్కువైంది.

పక్కకు ఉమ్మేసి, డబ్బాలోంచి రెండు దోసిళ్ల ఉప్పు తీసి నీళ్లలో కలిపాడు. మళ్లీ చుక్క, మళ్లీ నాలుక. ఈసారి తల ఊపాడు. తడిపి పిండిన నూలు చిలపలను కట్టెకు గుచ్చి ఎర్రటి నీళ్లలోకి దించాడు. తెల్లటి నూలు మునిగి, ఒక్క క్షణం తేలి, రక్తం పీల్చిన గుడ్డలా బరువెక్కింది.

నారాయణపేటలో చేనేత సంఘం రంగుల షెడ్డులో ముప్పై నాలుగేళ్లుగా అతని పని ఇదే. నాలుకతో ఉప్పు చూస్తాడు. కంటితో రంగు చూస్తాడు. గడియారం చూడడు. కుడిచెయ్యి మణికట్టు దాకా ఎరుపు, నీలం, పసుపు ఒకదాని మీద ఒకటి ఎక్కి, చివరికి పేరు లేని ఒక రంగు మిగిలింది. సబ్బుకు పోదు, బూడిదకు పోదు.

యాభై ఏడేళ్ల మనిషి. పొడుగరి. ఒకప్పుడు కాస్త బొజ్జ ఉండేది. ఇప్పుడు చొక్కా కింద ఇంకో రెండు చొక్కాలు తొడిగాడు. మెడకు మఫ్లర్ చుట్టాడు. జనవరి చలి గనుక ఎవరూ ఏమీ అడగలేదు. చలికాలం పోతే ఏం చెయ్యాలో అతనికి తెలియదు. అంతదాకా ఆలోచించడం మానేశాడు.

పొద్దున భార్య అజీజా బేగం వడగట్టిన గంజి గ్లాసులో పోసి ఇచ్చింది. ఆ గ్లాసు ఖాళీ చెయ్యడానికి అతనికి అరగంట పట్టింది. ఆమె ఎదురుగా కూర్చుని అంతసేపూ బియ్యంలో రాళ్లు ఏరింది. ఏరిన బియ్యాన్నే మళ్లీ ఏరింది.

"ఇయ్యాల సన్నీచర్. పోకుంటే ఏమైతది?" అంది చివరికి.

"పోకుంటేనే అయితది," అన్నాడు.

శనివారం అంటే బంతి, అందరూ ఒక వరుసలో కూర్చుని తినే పూట. నేతగాళ్లు నేసిన చీరలను సంఘానికి అప్పజెప్పేది శనివారం పొద్దున. వాళ్లకు మళ్లీ నూలు ఇచ్చేది మూడు గంటలకు. ఈ రెండింటి మధ్య చేసే పని లేదు. ఇరవై రెండేళ్ల కింద ఎవరో ఒకరు సద్ది విప్పారు. పక్కవాడు తన ఉల్లిగడ్డ ఇచ్చాడు. అలా మొదలైంది. ఇప్పుడు పదకొండుమంది. వారానికొకరు వంట చేసి తెస్తారు. ఒకరు వడ్డిస్తారు. శనివారం కనుక నీసు ఉండదు. ఒక్కపొద్దున్నవాళ్లు కూడా ఆ పూటే తింటారు. నేతగాడు, హమాలీ, కండెలు చుట్టే ఆడమనిషి, రంగులద్దే సాయిబు, అందరూ షెడ్డు గోడ వెంట ఒకటే వరుసలో కూర్చుంటారు.

రూలు ఒక్కటే. వడ్డించేవాడు ఆఖరున తినాలి. అందరూ లేచి చేతులు కడిగి, బయట ఎండలో బీడీలు ముట్టించాక, ఒక్కడే కూర్చుని తినాలి. అందుకే ఆ వంతు ఎవరికీ పెద్దగా ఇష్టం ఉండదు.

దసరా ముందు ముసలి నేతగాడు కిష్టయ్య మోకాళ్లు నొప్పులన్నప్పుడు, ఆయన వంతు లియాఖత్ తీసుకున్నాడు. తర్వాతి వారం ఇంకొకరిది. ఆ తర్వాత ఇంకొకరిది. కొబ్బరి చిప్పకు వెదురు పిడి బిగించిన గరిటె ఒకటి తనే చేసుకున్నాడు. పప్పూ పులుసూ దాంతోనే పోసేవాడు. అందరూ లేచాక తన రొట్టెను మఫ్లర్లో చుట్టుకుని, పులుసు మాత్రం నాలుగు గుక్కలు తాగేవాడు. ఎవరికీ తెలియలేదు.

గొంతులో గడ్డ అని పాలమూరు దవాఖానలో డాక్టరు చెప్పాడు. ఆలస్యమైందని కూడా చెప్పాడు. ఆ చీటీ ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఉంది.

చెప్పుకుంటే పోయేది. కానీ లియాఖత్‌కు గుర్వయ్య గుర్తున్నాడు. పదేళ్ల కింద ఇదే బంతిలో కూర్చునే నేతగాడు. అతనికి క్షయ అని తెలిసిన శనివారం ఎవరూ ఒక్క మాట అనలేదు. మామూలుగానే వడ్డించారు, మామూలుగానే నవ్వారు. అతని పళ్లేనికీ పక్క పళ్లేనికీ మధ్య మాత్రం జానెడు జాగా వచ్చింది. మరుసటి వారం గుర్వయ్య రాలేదు. ఇక ఎప్పుడూ రాలేదు.

ఆ రోజు గుర్వయ్య పక్కన కూర్చుని, జానెడు జరిగింది లియాఖత్ అలీయే.

*

పన్నెండున్నరకు చిలపలు దండేల మీదికెక్కాయి. ఎర్రటి నీళ్లు కాలువలోకి కారుతున్నాయి. షెడ్డులో పళ్లేల చప్పుడు మొదలైంది. ఈ వారం వంట కిష్టయ్యది. బుట్ట మీద గుడ్డ తీసేసరికి జొన్నరొట్టెల వాసన గుప్పుమంది. అనపగింజల కూర, పుంటికూర పప్పు, పచ్చిపులుసు.

"కోడలు చేసిందా, నువ్వు చేసినవా మామా?" అంది అండాలు, కొంగు నడుముకు చెక్కుకుంటూ. నలభై అయిదేళ్ల మనిషి. కండెలు చుట్టీ చుట్టీ ఆమె బొటనవేలు పక్కకు ఒరిగిపోయింది.

"కోడలే. నేను చేస్తే మీరు మిగులుతరా?"

నవ్వులు. లియాఖత్ మేకుకు తగిలించిన గరిటె తీసుకుని పప్పు గిన్నె దగ్గరికి నడిచాడు. ఇంకో చెయ్యి ఆ గరిటెను పట్టుకుంది.

బీరప్ప. సంఘం హమాలీ. నూలు మూటలు మోసి మోసి మెడ భుజాల్లో కలిసిపోయినవాడు. మాట గట్టిది, మనసులో ఏదీ దాగదు.

"ఇయ్యాల వంతు నాది, భాయ్."

"ఉండనీ బీరప్పా. నువ్వు పొద్దటిసంది మూటలు మోసినవ్. కూసో."

"పోయిన వారం గట్లనే అంటివి. అంతకుముందు గట్లనే అంటివి. నువ్వు మాతోని కూసోని తినంగ చూసి ఎన్ని దినాలైంది? గా లొల్లిలు అయినప్పటిసంది చూస్తున్న."



అయోధ్యలో మసీదు కూలిన డిసెంబరులో దేశమంతా అల్లర్లయ్యాయి. పేటలో ఏమీ కాలేదు గానీ బజారు మూతబడింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఒక శనివారం బంతి పడలేదు. మళ్లీ కూర్చున్నాక అందరూ పాత మాటలే మాట్లాడుకున్నారు. కానీ ఒకరినొకరు కాస్త ఎక్కువగా గమనించుకున్నారు. లియాఖత్ గరిటె పట్టింది దసరా ముందు. బీరప్ప దాన్ని గమనించింది మాత్రం డిసెంబరు తర్వాత. అతని మనసులో ఆ రెండూ ముడిపడిపోయాయి.

"ఊకోరా బీరిగా," అన్నాడు కిష్టయ్య.

"ఎందుకూకోవాలె మామా? నా పక్కన కూసుంటుండె. నా పళ్లెంలకెల్లి ఉల్లిగడ్డ గుంజుకుంటుండె. ఇప్పుడు మా కూడు గొంతు దిగుతలేదా? దిగకుంటే చెప్పుమను. నేను ఫికర్ చెయ్య."

గొంతు దిగుతలేదా అన్న మాట బీరప్ప సంగతి తెలిసి అన్నది కాదు. లియాఖత్ అతని ముఖం చూశాడు. కోపం కాదు అది. అలిగిన ముఖం.

ఇప్పుడు రెండే దారులు. గొంతు సంగతి చెప్పాలి, లేదా తినాలి. చెబితే జానెడు జాగా. తినకపోతే, ఇరవై రెండేళ్లుగా పక్కన కూర్చున్నవాడు జీవితాంతం ఒక అబద్ధాన్ని నమ్ముతాడు.

లియాఖత్ గరిటె వదిలేశాడు.

"ఉల్లిగడ్డ ఉందా మరి?" అంటూ వెళ్లి కిష్టయ్య పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

బీరప్ప రొట్టె వేశాడు. పప్పు పోశాడు. కూర వేశాడు. పులుసు పోస్తుంటే లియాఖత్ "ఇంకొంచెం" అన్నాడు. పళ్లెం ఏరైంది.

అతను రొట్టెను చిన్నగా, అతిచిన్నగా తుంచాడు. పులుసులో నాననిచ్చాడు. నోట్లో పెట్టుకున్నాడు. నాలుకకు రుచి బ్రహ్మాండంగా తెలిసింది. చింతపండు, కాల్చిన మిరపకాయ, చిటికెడు ఉప్పు ఎక్కువ. నమిలాడు. పిండి నీళ్లయ్యేదాకా నమిలాడు. మింగాడు.

గొంతులో ఎవరో తలుపు గడియ వేసినట్టయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కారమా భాయ్?" అన్నాడు బీరప్ప.

"కిష్టయ్య మామ కోడలికి మన మీద ఏం కోపముందో ఏమో," అన్నాడు లియాఖత్. అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య ఒక గుక్క నీళ్లు తాగాడు. ముద్ద దిగింది.

రెండోది. మూడోది. పక్కన బోసినోటి కిష్టయ్య రొట్టెను పప్పులో పిసికి రెండు లాగించేశాడు. లియాఖత్ ఒకటి పూర్తిచేశాడు. మూడు చొక్కాల కింద చెమట పట్టింది. బీరప్ప ఇంకొక రొట్టె పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. అడగడం లేదు. చూస్తున్నాడు.

"సగం ఎయ్యి," అన్నాడు లియాఖత్.

ఆ సగం కూడా తిన్నాడు.

"ఏం రా, ఇప్పుడు నిండిందా నీ కడుపు?" అన్నాడు కిష్టయ్య.

"నిండింది మామా," అన్నాడు బీరప్ప పళ్లన్నీ కనబడేలా నవ్వి. "తినకముందే నిండింది."

*

షెడ్డు వెనక కాలువ ఉంది. గంగాళాల నీళ్లన్నీ అందులోంచే పోతాయి. లియాఖత్ గోడ పట్టుకుని దాని మీదికి వంగాడు. తిన్నదంతా బయటికొచ్చింది. దాని వెంట ఇంకొంత వచ్చింది. ఆ రోజు రంగు ఎరుపు కావడం వల్ల కాలువలో తేడా ఏమీ కనబడలేదు.

తల ఎత్తేసరికి అండాలు. చేతిలో తోమాల్సిన పళ్లేలు, బూడిద.

ఆమె కాలువ వైపు చూసింది. అతని మెడ మీద జారిన మఫ్లర్ వైపు, దాని కింద ఉబ్బిన చోటు వైపు చూసింది.

"ఎప్పటిసంది అన్నా?"

"దసరా ముంగటిసంది."

"మరి లోపల ఎందుకు తింటివి?"

"బీరప్ప ఎదురుంగ నిలవడ్డడు గద చెల్లే."

ఆమె పళ్లేలు కింద పెట్టి, చెంబుతో నీళ్లు ఇచ్చింది. అతను నోరు కడుక్కుని మఫ్లర్ సరిచేసుకున్నాడు.

"వానికి చెప్పకు. ఇయ్యాలే మనసు నిమ్మలమైంది వానికి."

"చెప్ప." చెంబు పక్కన పెట్టింది. "వచ్చే శనివారం వంట నాది. జొన్నరవ్వతోని గట్క వండుత. మెత్తగ ఉడికించి, పుల్ల మజ్జిగ పోసి, పలసగ. అందరికీ గదే."

"బీరప్ప లొల్లి చేస్తడు. రొట్టె లేనిది వానికి అన్నం తిన్నట్టే ఉండదు."

"చెయ్యనీ. రొట్టె పిండి తడిసిందని చెప్త."

లియాఖత్ నవ్వాడు. ఆమె పళ్లేలు తోమడం మొదలుపెట్టింది. అతని పళ్లేన్ని విడిగా తియ్యలేదు. అన్నింటితో కలిపే తోమింది. అతను అది చూశాడు.

లోపల బీరప్ప ఒక్కడే కూర్చుని తింటున్నాడు. లియాఖత్ వెళ్లి అతని ఎదుట గొంతుక్కూర్చుని, అతని పళ్లెంలోంచి ఉల్లిగడ్డ ముక్క తీసుకున్నాడు. తినలేదు. బీరప్ప "దొంగముండాకొడుకు" అని తిట్టాడు, సంతోషంగా.

తర్వాత గరిటె కడిగి, మేకుకు తగిలించి, లియాఖత్ మళ్లీ గంగాళం దగ్గరికి వెళ్లాడు. మధ్యాహ్నం రంగు పసుపు. కట్టె ఎత్తాడు. చుక్క పట్టాడు. ఉప్పు సరిపోయింది.

*

బుధవారం గంగాళం కింద మంట లేదు. పొద్దున అజీజా బేగం గంజి గ్లాసు తెచ్చేసరికి అతను మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అలాగే ఉన్నాడు.

సాయంత్రం అసర్ నమాజు తర్వాత జనాజా లేచింది. ఖబరస్తాన్ దాకా ఒక పక్క బీరప్ప భుజం మార్చలేదు. మట్టి వేశాక, అజీజా బేగం తమ్ముడు ఎవరికో చెబుతున్నాడు. గొంతులో గడ్డ. గంజి తప్ప ఏదీ దిగేది కాదు. దసరా ముందు నుంచి.

"ఎప్పటిసంది?" అన్నాడు బీరప్ప.

అతను మళ్లీ చెప్పాడు.

బీరప్ప వేళ్ల మీద లెక్కపెట్టాడు. దసరా, దీపావళి, కార్తీకం. డిసెంబరు ఆ తర్వాత వచ్చింది. ఇంకోసారి లెక్కపెట్టాడు. అప్పుడూ తర్వాతే వచ్చింది.

శనివారం అండాలు గట్క తెచ్చింది. పుల్ల మజ్జిగ పోసి, పలుచగా. రొట్టెలేవని ఎవరూ అడగలేదు. పిండి తడిసిందని చెప్పే అవసరం ఆమెకు రాలేదు. పదిమంది గోడ వెంట కూర్చున్నారు. కిష్టయ్య పక్కన జాగా ఉంది. దానికి అటూ ఇటూ ఉన్నవాళ్లు దగ్గరికి జరగలేదు. దూరమూ జరగలేదు.

వంతు ఎవరిదో ఎవరూ అనుకోకముందే బీరప్ప లేచి గరిటె అందుకున్నాడు. అందరికీ పోశాడు. అందరూ లేచి బయటికి వెళ్లాక ఒక్కడే కూర్చుని తిన్నాడు. తినడానికి చాలాసేపు పట్టింది.

తర్వాత గరిటెను బూడిదతో తోమి, నీళ్లతో కడిగి, మేకుకు తగిలించాడు. చిప్ప శుభ్రంగా తేలింది. వెదురు పిడి మీద బొటనవేలు ఆనే చోట మాత్రం పేరు లేని ఆ రంగు అలాగే ఉంది.