ఐదు రోడ్ల సర్కిల్లో ప్రార్థన

పదిహేనేళ్లుగా నేను జనానికి కారు నడపడం నేర్పుతున్నాను. నా దగ్గర నేర్చుకుంటూ వణికినవాళ్లున్నారు, ఏడ్చినవాళ్లున్నారు, క్లచ్ అనుకుని బ్రేకు తొక్కి నా తలకు బొప్పి కట్టించినవాళ్లున్నారు. కానీ నడిరోడ్డు మీద, బండి కదులుతుండగా, సాతానుతో తగువు పెట్టుకున్న మనిషిని మాత్రం ఒక్కరినే చూశాను.

ఆవిడ మా వీధి చివర ఉన్న చిన్న చర్చి పాస్టరుగారి భార్య. అరవై ఒక్క ఏళ్లు. మనిషి నా భుజం దాకా వస్తుంది గానీ గొంతు మూడో అంతస్తు దాకా వెళ్తుంది. ఎవరింట్లో జ్వరమొచ్చినా, గొడవొచ్చినా, పిల్లలకు పీడకలలొచ్చినా ఆవిడకే కబురు. వెళ్లి గుమ్మంలో నిలబడి, "యేసు నామంలో పో బయటికి!" అని ఒక్క కేక వేసేది. సాతాను సంగతేమో గానీ, పక్కింటివాళ్లు టీవీ కట్టేసేవాళ్లు. నేనూ ఆ చర్చికే వెళ్తాను, వెనక బెంచీలో కూర్చుంటాను. నాకూ దేవుడున్నాడు గానీ, ఆ రోజుల్లో ఆదివారం పదింటి నుంచి పన్నెండింటి వరకే ఉండేవాడు.

ఒక సోమవారం పొద్దున ఆవిడ మా డ్రైవింగు స్కూలు గదిలోకి వచ్చి, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నాకు కారు నేర్పు తల్లీ. నెల రోజుల్లో."

"నెలలో ఏం నేర్చుకుంటారు అమ్మగారూ? ఇంతకు ముందు ఎప్పుడైనా స్టీరింగు పట్టుకున్నారా?"

"ఎందుకు పట్టుకోలేదు? వేరే స్కూల్లో నేర్చుకుని రెండుసార్లు పరీక్ష తప్పాను."

సంగతేమిటంటే, అయ్యగారికి చూపు పోతోంది. మనుషులు నీడల్లా కనబడుతున్నారు. ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇరవై ఏళ్లుగా ఆదివారం ఆదివారం చర్చి వ్యానులో నడవలేనివాళ్లను ఇంటింటికీ వెళ్లి ఎక్కించుకొచ్చింది ఆయనే. అలాంటివాళ్లు పదకొండు మంది. చర్చిలో బండి నడపడం వచ్చినవాళ్లందరికీ ఆదివారాలు డ్యూటీలు; నాకూ ఆదివారం పదింటి దాకా క్లాసులే. మూడు వారాలుగా ఆ పదకొండు మందీ ఇళ్లలోనే ఉండిపోయారు. నెలలోపు ఎవరూ దొరకకపోతే వ్యాను అమ్మేద్దామని పెద్దలు తీర్మానం చేశారు. ఈవిడ మూడోసారి కూడా తప్పితే, మళ్లీ పరీక్షకు ఆరు నెలలు ఆగాలి.

"వ్యాను పోతే వాళ్లు మళ్లీ రారమ్మా," అందావిడ. ఆ మాట మాత్రం చిన్న గొంతుతో అంది.

మర్నాడే మొదలుపెట్టాం. నిజం చెప్పొద్దూ, నేను ఆశ్చర్యపోయాను. గేర్లు చక్కగా మారుస్తుంది. రివర్సు నాకంటే సాఫీగా తీస్తుంది. సిగ్నల్ దగ్గర ఎర్ర దీపం పడితే అది అపవాది పని, పచ్చ దీపం పడితే ప్రభువు కృప. పసుపు ఎవరి పనో మాత్రం ఆవిడకే తేలలేదు. ఇంత బాగా నడిపే మనిషి రెండుసార్లు ఎందుకు తప్పిందో నాకు అంతుపట్టలేదు. ఐదో రోజు ఐదు రోడ్ల సర్కిల్ దగ్గరికి తీసుకెళ్లాను. అప్పుడు పట్టింది.

సర్కిల్ కనబడగానే ఆవిడ భుజాలు బిగుసుకున్నాయి. "ప్రభువా! ఈ దారిలో కాపు కాసిన శత్రువును నీ నామంలో గద్దిస్తున్నాను!" అని అందుకుంది. బండి మాత్రం ఆగలేదు. నేను తిరిగి చూశాను. కళ్లు రెండూ గట్టిగా మూసుకుని ఉన్నాయి.

నా వైపున్న రెండో బ్రేకు తొక్కేశాను. మా ముక్కు ముందు నుంచి లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది.

"అమ్మగారూ! కళ్లు మూసుకున్నారు!"

"లేదే!"

"మూసుకున్నారు!"

"ప్రార్థన చేశాను తల్లీ."

"నేను చెప్పేదీ అదే కదండీ!"

ఆవిడ తప్పేం లేదు. ప్రార్థనలో కళ్లు తెరిస్తే వాళ్లమ్మ నెత్తి మీద మొట్టికాయ వేసేదట. ఐదో ఏట మొదలైన అలవాటు. భయం వేస్తే ప్రార్థన, ప్రార్థన వస్తే రెప్పలు వాటంతటవే వాలిపోతాయి. అంతకు ముందు పరీక్ష పెట్టిన ఇద్దరు ఇన్‌స్పెక్టర్లూ ఆవిడకు కళ్లు తిరిగాయనుకున్నారట.

మరో వారం రోజులు ఇదే తంతు. నాకు తలప్రాణం తోకకొచ్చింది. అసలే నాది ముక్కు మీద కోపం. ఒక రోజు బండి పక్కకు ఆపించి చెప్పేశాను.

"ఇవాళ్టి నుంచి నా కార్లో ప్రార్థన బంద్. చేసుకోవాలంటే ఇంటి దగ్గర చేసుకుని రండి."

మర్నాడు నోరు నొక్కుకుని నడిపింది. సర్కిల్ ముందుకు వచ్చేసరికి బండి ఆపేసింది, మళ్లీ కదలనివ్వలేదు. వెనక హారన్లు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. ఆవిడ స్టీరింగు మీద తల వాల్చేయడం చూసి నా కోపం దిగిపోయింది. సీట్లు మార్చుకుని నేనే నడిపి, ఒక మూసేసిన షాపు ముందు బండి ఆపాను; మళ్లీ ఎవరి సీట్లోకి వాళ్లం వచ్చాం.

"ఏమైందండీ?"

"వాడు మాట్లాడతాడమ్మా."

"ఎవరు?"

"ఇంకెవరు? నేను జనం ఇళ్లలోంచి తరుముతానే, వాడే. ఇక్కడికి రాగానే చెవిలో చేరతాడు. 'ముసలిదానా, నీ వల్ల కాదు, ఇవాళ నువ్వు ఎవరినో చంపుతావు' అంటాడు. అందుకే అంత గట్టిగా అరుస్తాను, వాడి మాట వినబడకుండా."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈవిడ రచ్చంతా గెలిచి ఇంట ఓడిపోయిందని నవ్వబోయాను. నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ మాట నాకూ తెలుసు. 'ముసలిదానా' ఒక్కటి తప్ప, సరిగ్గా అవే మాటలు.

ఐదేళ్ల కిందట, అదే సర్కిల్లో, నా దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయి సైకిలు మీద పోతున్న పోస్ట్‌మ్యాన్‌ను గుద్దింది. నేను అర సెకను ఆలస్యంగా బ్రేకు తొక్కాను. అతని కాలు విరిగింది. అతుక్కుంది కూడా. ఇప్పటికీ మా స్కూలుకు ఉత్తరాలు తెచ్చిచ్చి, "మీవాళ్లు ఎవరూ రోడ్డు మీద లేరు కదా?" అని నవ్వి పోతాడు. అతను మర్చిపోయాడు గానీ నేను మర్చిపోలేదు. ఆ రోజు నుంచి నా కాలు బ్రేకు మీద నుంచి లేవలేదు. నేర్చుకునేవాళ్లు నాకు 'బ్రేకమ్మ' అని పేరు పెట్టారని కూడా నాకు తెలుసు.

ఇదంతా ఆవిడకు చెప్పాను. ఎవరికీ చెప్పనిది ఎందుకు చెప్పానో నాకే తెలియదు. ఆవిడ నా కాలి వైపు చూసింది. బండి ఆగి ఉంది, ఇంజను కట్టేసి ఉంది, అయినా నా కాలు బ్రేకు మీదే ఉంది.

"అయితే ఇద్దరం ఒకడి చేతిలోనే దెబ్బలు తింటున్నామన్నమాట," అందావిడ. అని, పకపకా నవ్వింది. "ఒసేయ్ పిల్లా, నేను తొక్కేలోపే నువ్వు తొక్కేస్తున్నావు. ఇంక నాకు ఎప్పుడొస్తుంది?"

"తొక్కకపోతే చస్తాం కదండీ, మీరు కళ్లు మూసుకుంటే!"

"ఇన్నాళ్లూ నిన్ను కాపాడింది ఆ ఇనప ముక్కేననుకున్నావా?"

"అదీ ప్రభువు ఇచ్చిందే అనుకోండి. కళ్లూ ఆయన ఇచ్చినవే కదా. ఆయన ఇచ్చిన కళ్లు మూసేసుకుని, దారి చూడమని ఆయన్నే అడగడం ఏం న్యాయం? యుద్ధానికి వెళ్లినవాడు ఎక్కడైనా కళ్లు మూసుకుంటాడా అమ్మగారూ? వచ్చేది శత్రువో చుట్టమో ఎలా తెలుస్తుంది?"

ఆవిడ వేళ్లతో తన రెప్పలు తడుముకుంది.

అప్పుడు నాకు మా పాఠం ఒకటి గుర్తొచ్చింది. భయపడేవాళ్ల చేత మేం చూసింది చూసినట్టు పైకి చెప్పిస్తాం. 'ముందు బస్సు ఆగింది, అద్దం చూశాను, వెనక స్కూటరు ఉంది' అని. నోటితో చెప్పాలంటే కంటితో చూసి తీరాలి కదా. చూస్తూ చెబుతూ ఉంటే భయపడటానికి తీరిక ఉండదు.

"మీరు ప్రార్థన చేయండి. నేను వద్దనను. కానీ అరుపులొద్దు, గద్దింపులొద్దు. కనబడింది కనబడినట్టు ఆయనకు చెప్పండి. అంతే."

"ఆయనకు తెలియదా ఏంటి?"

"మీకు తెలియాలి కదండీ!"

"సరే. నేను కళ్లు తెరుస్తాను. నువ్వు కాలు తియ్యి."

చివరికి రెండు కాళ్లూ వెనక్కి లాగి సీటు కిందకు దోపాను. ఐదేళ్లలో మొదటిసారి.

బండి కదిలింది. "ప్రభువా," అందావిడ, పక్కింటివాళ్లతో మాట్లాడినట్టు మెల్లగా. "సర్కిల్ వచ్చింది. బస్సు తిరుగుతోంది, దాన్ని పోనిస్తున్నాను. అందులో వాళ్లను క్షేమంగా చేర్చు. సైకిలు మీద ఒక పిల్ల ఉంది తండ్రీ, చెవుల్లో ఏవో పెట్టుకుంది, దానికి నా హారను వినబడదు, నేనే ఆగుతాను. పోయింది. స్తోత్రం. ఇప్పుడు ఖాళీ. వెళ్తున్నాను. నాతో రా."

వెళ్లింది. గుండ్రంగా, నింపాదిగా తిరిగి మూడో రోడ్డులోకి వచ్చేసింది. ఆ పావు నిమిషం నా చేతిలో ఏమీ లేదు, కాలి కింద ఏమీ లేదు. అయినా మేమిద్దరం బతికే ఉన్నాం. ఎవరి చేతుల్లో ఉన్నామో అంత స్పష్టంగా నాకు ఏ ఆదివారమూ తెలియలేదు. ఇద్దరం కార్లో కూర్చుని చిన్నపిల్లల్లా కేకలు పెట్టాం. రోడ్డున పోయేవాళ్లు తొంగి చూశారు.

పరీక్ష రోజున వచ్చిన ఇన్‌స్పెక్టరు పేరు చెబితే మా స్కూళ్లవాళ్లకు కాళ్లూ చేతులూ ఆడవు. పదిమందిలో తొమ్మిదిమందికి "మళ్లీ రండి" అని చెప్పి పంపేస్తాడు. ఆయన పేరే మళ్లీరండిగారు అయిపోయింది. నా సీట్లో ఆయన కూర్చున్నాడు, నేను ఆఫీసు బయట బల్ల మీద కూర్చున్నాను. బండి మలుపు తిరిగి కనబడకుండా పోయింది. చెవిలో వాడు మొదలుపెట్టనే పెట్టాడు. "నోర్ముయ్," అన్నాను పైకే. పక్కన కూర్చున్న పెద్దమనిషి ఉలిక్కిపడి దూరం జరిగాడు.

అరగంటకు బండి వచ్చింది. ఇన్‌స్పెక్టరు దిగి, కాగితాలు పట్టుకుని తిన్నగా నా దగ్గరికొచ్చాడు.

"ఈవిడకు నేర్పింది మీరేనా?"

"అవును సార్. ఏమైనా తప్పు..."

"దారంతా మాట్లాడుతూనే ఉంది. మొదట నాతోననుకున్నాను. ఒకటి రెండుసార్లు ఊఁ కూడా కొట్టాను." ఆయన మెడ గోక్కున్నాడు. "సందులోంచి రాబోయే కుక్కను కూడా నాకంటే ముందు చూసిందండీ. నా కాలు ఒక్కసారీ బ్రేకు దాకా పోలేదు." తర్వాత ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మా, మీరు మళ్లీ రానక్కర్లేదు."

ఆవిడ ఆఫీసు ముందే పాట అందుకుంది. మూడో అంతస్తు కిటికీలు తెరుచుకున్నాయి.

ఆ ఆదివారం వ్యాను బయల్దేరింది. అయ్యగారు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ముందు సీట్లో, ఆ పూట క్లాసులు మానుకుని ఆయన వెనక నేను. నన్ను ధైర్యానికి రమ్మంది. ఎవరి ధైర్యానికో మాత్రం చెప్పలేదు. వ్యానులో రెండో బ్రేకు లేదు. ఒక్కొక్కరినీ ఎక్కించుకున్నాం. వాళ్లలో చక్రాల కుర్చీలో తిరిగే ఒక టీచరుగారు తన రుమాలుతో కిటికీ అద్దం తుడిచి తుడిచి కూర్చుంది. ఆవిడకు నెలన్నరగా కనబడింది ఎదురింటి గోడ ఒక్కటేనట.

అయ్యగారు మాత్రం సీటుకు చేరగిలబడి తల దించుకుని ఉన్నారు. స్టీరింగు వదిలేసిన దగ్గర్నుంచి ఆయన ఆదివారం ప్రసంగానికి తప్ప గడప దాటడం లేదని, బయటికెళ్లి ఏం చూడాలని అంటున్నారని, పాస్టరమ్మగారు నాకు ముందే చెప్పింది.

"ప్రభువా," అని ఆవిడ మొదలుపెట్టింది. "ఆసుపత్రి రోడ్డులోకి తిరుగుతున్నాను. మందుల షాపు ముందు ఆటో ఆగి ఉంది, చుట్టూ చూసి దాటుతున్నాను. షాపుకు నీలం రంగు వేశారు తండ్రీ, ఎంత బాగుందో."

అయ్యగారి తల కదిలింది. "నీలమా? పచ్చ రంగు కదా అది?"

"మార్చారు ప్రభువా, అయ్యగారు అడుగుతున్నారు," అందావిడ కళ్లు రోడ్డు మీద నుంచి తిప్పకుండా. "లేత నీలం. మెట్ల మీద ఇద్దరు అవ్వలు కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. వాళ్లను దీవించు."

"ఆమెన్," అన్నారు వెనక పదకొండు మందీ.

అయ్యగారు సీట్లో ముందుకు జరిగి కూర్చున్నారు. బడి గోడ, గోడ మీద ఎండలో పడుకున్న పిల్లి, కొత్తగా కడుతున్న మేడ, దాని మీద నీళ్లు చల్లుతున్న మనిషి, అన్నీ వరసగా వచ్చాయి. ఒక్కో మాటకు ఆయన తల ఊపుతున్నారు. నల్ల కళ్లద్దాల కింద నుంచి చెంపల మీదికి నీళ్లు జారుతున్నాయి, పెదవులు నవ్వుతున్నాయి.

సర్కిల్ వచ్చింది. ఆవిడ ఆగింది, చూసింది, చెప్పింది, తిరిగే బళ్ల వరసలో కలిసింది. "పళ్ల బండి ప్రభువా. బూట్లు కుట్టేవాడు, ఇవాళ పక్కన కొడుకు కూడా ఉన్నాడు. పూల దుకాణం, బకెట్ల నిండా ఎర్ర పూలు." మా రోడ్డు దగ్గర తిప్పబోతుంటే అయ్యగారు చెయ్యెత్తారు.

"ఇంకొక్కసారి తిప్పుతావా?"

"ఆలస్యమవుతుందండీ."

"కానీయ్. ప్రసంగం చెప్పేవాణ్ణి నేనే కదా."

వ్యానంతా నవ్వింది. ఆవిడ ఇంకో చుట్టు తిప్పింది. ఆ తర్వాత, ఎవరూ అడగకుండానే, మరో చుట్టు. మూడో చుట్టులో అయ్యగారే ముందు అందుకున్నారు.

"బూట్లవాడు దాటాడు. ఇప్పుడు పూల దుకాణం రావాలి."

"వచ్చింది ప్రభువా," అందావిడ, "ఆయనకు కనబడింది."