ఒకే మనిషికి వచ్చే వైరస్

మెయిల్ సర్వర్ చూసుకునే సర్వరక్కకు ఆ వారం ఏదో తేడాగా అనిపించింది. పట్టుబడిన వైరస్ మెయిళ్లన్నీ గోడౌన్ కంప్యూటర్ నుంచి రిసెప్షనిస్టుకే వెళ్తున్నాయి. గోడౌన్‌లో పనిచేసేది ఆ రిసెప్షనిస్టు వదిలేసి వచ్చిన మొగుడు. సర్వరక్క అతని మెయిల్ ఆపేసి, ఆమెను పిలిచింది.

"నువ్వెవరికి ఏం రాస్తున్నావో చూడాలనే ఈ వైరస్ పంపుతున్నాడే" అంటుండగానే, మెయిల్ ఆగిపోయిందని తెలిసి అతను తలుపు తన్నుకుని వచ్చాడు.

"మా కాపురంలో నిప్పులు పోస్తావా?" అంటూ సర్వరక్క జుట్టు పట్టుకుని తలను బల్లకేసి బాదాడు. పెదవి చిట్లి కీబోర్డంతా రక్తమైంది. మళ్లీ బాదబోతుంటే రిసెప్షనిస్టు ఇనుప స్టూలెత్తి అతని మోచేతి మీద వేసింది. ఎముక పుటుక్కున విరిగింది.

"ఆరేళ్లు పడ్డాను, ఇక నావల్ల కాదు" అంది. పోలీసులు వచ్చేదాకా స్టూలు కింద పెట్టలేదు.