పద్దెనిమిది మెట్లు

ఎర్ర బకెట్ పట్టుకుని ఆమె కుళాయి దగ్గర ముప్పావుగంటగా నిలబడే ఉంది. రోజూ ఐదింటికల్లా వచ్చే నీళ్లు ఆరున్నరైనా రాలేదు. ఏడింటికి లాండ్రీలో ఉండాలి. డాబా మీద పద్నాలుగు కుండీలు, ఎక్కడానికి పద్దెనిమిది మెట్లు. నిన్నటికే బెండ ఆకులు వాలిపోయాయి. మొదళ్లలో ఎండుటాకులు పరిచి, లాండ్రీవాళ్లు పారేసిన దుప్పట్లు పైన నీడకు కట్టినా, ఈ ఎండల్లో ఒక్క పూట నీళ్లు తప్పితే వాటి మీద ఆశ వదులుకోవాల్సిందే.

వెనక గడపలో కూర్చుని అక్క ఇదంతా చూస్తోంది. గుండెనొప్పితో ఆస్పత్రిలో ఉండి వచ్చి మూడు వారాలైంది. మెట్ల జోలికి పోవద్దని డాక్టరు గట్టిగా చెబితే బుద్ధిగా తలూపింది. ఎవరేం చెప్పినా తలూపి, తను చేసేది చేసుకుపోవడం ఆవిడకు పుట్టుకతో వచ్చిన విద్య. పెళ్లి చేసుకోమని బంధువులు పోరినప్పుడూ అలాగే తలూపి, కుట్టుమిషను తొక్కుతూ తల్లిలేని చెల్లెల్ని పెంచింది.

అందుకే చెల్లెలు, నీళ్లొస్తే నిండేలా కుళాయిని తొట్టిలోకి తిప్పి వదిలి, బకెట్టు, మగ్గు, బిందె, వంటింట్లో గిన్నెలతో సహా అన్నీ సామాన్ల గదిలో పెట్టి తాళం వేసింది. అన్నం పెట్టిన కంచం, మంచినీళ్ల గ్లాసు మాత్రం బయట ఉంచింది.

"సాయంత్రం నేనొచ్చి పోస్తాను. మెట్లెక్కావంటే నా మీద ఒట్టే."

"ఒట్లు పోస్తే మొక్కలు బతుకుతాయటే?" అని అక్క నవ్వింది.

ఇరవై ఆరేళ్లుగా చెల్లెలు ఆ లాండ్రీలో ఆస్పత్రి దుప్పట్లు ఇస్త్రీ చేస్తోంది. ఆమె చేసిన మడత ఒక్కటీ తిరిగి రాలేదు. ఆమె గురించి అక్కడ అంతకుమించి చెప్పుకునేది లేదు. ఇవాళ మాత్రం చెయ్యి దుప్పటి మీద, ప్రాణం డాబా మీద ఉన్నాయి. ఊళ్లో తొమ్మిదింటికే నీళ్లు వదిలారని ఎవరో అనడంతో పదకొండింటికి ఇంటికి ఫోన్ చేసింది.

"ఆయాసపడుతున్నావేం?"

"ఫోను మోగితే వంటింట్లోంచి లేచొచ్చాను మరి. తొట్టి నిండిందిలే. నువ్వు పని చూసుకో."

నమ్మాలనుకుంది, నమ్మలేకపోయింది. పన్నెండింటికి రెండుసార్లు చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఫోను పెట్టేసి తిరిగొచ్చేసరికి ఇస్త్రీపెట్టె కింద దుప్పటి మాడిపోయింది. సూపర్‌వైజరు దాన్నీ ఆమె ముఖాన్నీ చూసి, అడక్కముందే వెళ్లమన్నాడు.

ఇంటికొచ్చేసరికి తొట్టి సగానికి తగ్గి ఉంది. ప్రతి మెట్టు మీదా నీటి చుక్కలు ఆరిపోతున్నాయి. అవి చూడగానే ఆమెకు అర్థమైంది. బకెట్టుంటే నాలుగుసార్లలో అయ్యే పని. గ్లాసుతో అక్క ఎన్నిసార్లు ఎక్కి దిగిందో లెక్క వేయడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

పైన పదమూడు కుండీలు తడిసి ఉన్నాయి. బెండ ఆకులు తేరుకుంటున్నాయి. దుప్పటి నీడలో పిట్టగోడకు చేరబడి, కాళ్లు చాపుకుని అక్క కూర్చుంది. పిలిస్తే పలకలేదు. చెయ్యి వెచ్చగానే ఉంది, కానీ ఆ ఎండలో గోడ కూడా వెచ్చగానే ఉంది. పద్నాలుగో కుండీ పక్కన గ్లాసులో సగం నీళ్లు మిగిలాయి. ఆమె అవి ఆ కుండీలోని బీరపాదు మొదట్లో పోసి, అక్క పక్కనే కూలబడింది. తాళం వేసి అక్కను తానే చంపుకున్నానని ఏడ్చింది.

సాయంత్రం ఇంటి నిండా జనం. నీళ్లు పట్టడానికి ఏదైనా ఇమ్మని పక్కింటావిడ అడిగితే, కొంగు ముడి విప్పి తాళంచెవి ఇచ్చింది. సామాన్ల గదిలో, పొద్దున పెట్టిన చోటే, మగ్గు లోపల పెట్టుకుని ఎర్ర బకెట్ పొడిగా ఉంది.