ఓడిన ఓట్లు ఇంటికొచ్చే దీవి

ఎన్నికల మర్నాడు ఆర్డ్‌కారన్ దీవిలో ఎవరూ బట్టలు ఆరేయరు. ఎండ ఎంత బాగా కాసినా ఆ పూట తాళ్ళు ఖాళీగానే ఉంటాయి. ఓడిన ఓట్లు ఇళ్ళకు తిరిగొచ్చే రోజది. సముద్రం మీదుగా ఎగిరొచ్చిన కాగితాలు తడి దుప్పట్లకు అతుక్కుంటే ఊడదీయలేక చావాలి.

ఏ ఓటు ఎవరినీ గెలిపించలేకపోయిందో ఆ ఓటు వేసినవాళ్ళ ఇంటికి వచ్చి చేరుతుంది. కంచె మీదో, పొగగొట్టం మీదో వాలి కూర్చుంటుంది. కొందరు దాన్ని పొయ్యిలో వేస్తారు. కొందరు కోళ్ళ గంపల్లో పరుస్తారు. లాకీ మెకాస్కిల్ లాంటివాళ్ళు పొరుగువాళ్ళ కంటపడకుండా నిచ్చెన వేసుకుని ఎక్కి దాచేస్తారు. లాకీ ఎప్పుడూ గెలిచినవాడికే వేశానని చెప్పుకుంటాడు. ఎప్పుడూ అతని పొగగొట్టం మీద ఊదా కాగితం వాలుతూనే ఉంటుంది.

డొలీనా మెక్‌ఫీ మాత్రం దాచదు. డెబ్భై ఆరేళ్ళ మనిషి, అరవై గొర్రెలు, ఎవరికీ జంకని నోరు. తిరిగొచ్చిన ప్రతి కాగితాన్నీ గొర్రెల కొట్టం గోడకి రోడ్డు వైపున మేకు కొట్టి తగిలిస్తుంది. మా పార్లమెంటు సభ్యుడు ఫర్కార్ బ్రెమ్నర్ రేవులో దిగి కారులో వచ్చేది ఆ రోడ్డునే.

"చూసుకుంటూ పోనీ. నేను వాడికి వెయ్యలేదని వాడికి గుర్తుండాలిగా" అంటుంది.

మా పార్లమెంటుకి ఎన్నికలొస్తే మనిషికి రెండు కాగితాలిస్తారు. ఊదాది నియోజకవర్గానికి. ఎక్కువ ఓట్లు వచ్చినవాడొక్కడే గెలుస్తాడు, మిగతావన్నీ ఇంటిదారి పడతాయి. నారింజ రంగుది ఉత్తర ప్రాంతం మొత్తానికి. ఎనిమిది నియోజకవర్గాలు కలిపితే ఒక ప్రాంతం, ఆ ప్రాంతానికి విడిగా ఏడు సీట్లు. వాటి లెక్క వేరు. ఆ లెక్క ఏమిటో తెలుసుకోవడానికి మా దీవిలో ఎవరికీ తీరిక చిక్కలేదు. రెండో కాగితం కదా, రెండో ఇష్టానికి కాబోలు అనుకున్నారు. మనసులో ఉన్నవాడికి ఊదా మీద గీటు పెట్టి, నారింజ మీద పోనీలే అని బ్రెమ్నర్ ఉన్న పెద్ద పార్టీకి గీటు పెట్టి వచ్చేవాళ్ళు. పాతికేళ్ళు అలాగే చేశారు. రెండు కాగితాలూ తిరిగొచ్చేవి. ఏం చేసినా ఇంతే, మన బతుకింతే అనుకుని టీ పెట్టుకునేవాళ్ళు.

ఈసారి ఏప్రిల్ మొదట్లో, గొర్రెలు ఈనే రోజుల్లో, ఇష్‌బెల్ గిల్లీస్ డొలీనా వంటింటి తలుపు తట్టింది. ఇష్‌బెల్ కాన్పులు చేసే నర్సు. దీవిలో పాతికేళ్ళ లోపు వాళ్ళందరినీ మొదట చేతుల్లోకి తీసుకున్నది ఆవిడే. మా దీవిలోనే నాలుగు మంచాల కాన్పుల వార్డు ఉండేది. ఖర్చు దండగని మూడేళ్ళ కిందట మూసేశారు. అప్పటినుంచీ నొప్పులొస్తే రెండు గంటలు పడవ, ఆ పైన మూడు గంటలు రోడ్డు. డొలీనా మనవరాలు కత్రియానా పడవ అడుగున, కార్లు నిలబెట్టేచోట, ఒక లారీకీ గొర్రెల బండికీ మధ్యన బిడ్డని కన్నది. అదృష్టం బాగుండి ఆ పడవలో ఇష్‌బెల్ ఉంది. అది తలుచుకుంటే డొలీనాకి ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

"నిలబడుతున్నా పెద్దమ్మా. ఏ పార్టీ లేదు, ఒంటరిగానే. వార్డు తెరిపించాలి, అంతకుమించి నా దగ్గర ఇంకో మాట లేదు" అంది ఇష్‌బెల్.

"బ్రెమ్నర్ మీదా? నీకేమన్నా మతి పోయిందా? వాడికి ఏడు వేల మెజారిటీ."

"వాడి మీద కాదు. ఊదా కాగితంలో నేను లేను. నారింజ దాంట్లో ఉన్నా."

"అది రెండో ఇష్టానికి కదే!"

ఇష్‌బెల్ నుదురు కొట్టుకుంది. బల్ల మీద అప్పుడే పొయ్యిలోంచి తీసిన స్కోన్ రొట్టెలున్నాయి. పళ్ళెం ముందుకు లాక్కుంది.

"నీ ముగ్గురు మనవలూ ఇక్కడ కూచున్నారనుకో. పెద్దాడు ముందే ఏడు తినేశాడు. ఇప్పుడు ఇంకోటి మిగిలింది. ఎవరికి పెడతావు?"

"తిననివాళ్ళకి. ఇదీ ఒక ప్రశ్నేనా?"

"అదే లెక్క. పెద్ద పార్టీ ఊదా కాగితం మీద ఎనిమిదిట్లో ఏడు తినేస్తుంది. నారింజ దగ్గరికొచ్చేసరికి తిన్న ఏడుకీ ఒకటి కలిపి, వాళ్ళ ఓట్లని ఎనిమిదితో భాగిస్తారు. తొంభై వేలొచ్చాయనుకో, పదకొండు వేల చిల్లర కింద చూస్తారు. నేనేమీ తినలేదు. నాకెన్నొస్తే అన్నీ నావే. పన్నెండు వేలొస్తే చాలు, ఏడో సీటు నాది. ఆ పన్నెండు వేలూ ఒక్కచోటే రానక్కర్లేదు, ఊరికి గుప్పెడొచ్చినా చాలు."

డొలీనా ఒక స్కోను తీసి పళ్ళెం అంచున విడిగా పెట్టింది.

"అంటే పాతికేళ్ళనుంచీ నా నారింజ ఓటు తీసుకెళ్ళి ఏడు తిన్నవాడి నోట్లో పెట్టానన్నమాట."

"పెట్టావు."

"ముందే చెప్పి ఏడవచ్చు కదే, నీ కడుపు మాడ!"

ఇష్‌బెల్ నవ్వింది కానీ ఆ నవ్వు నిలవలేదు. సంచిలోంచి ఒక ఉత్తరం తీసి చూపించింది. గ్లాస్గోలో ఉద్యోగం, ఎన్నికలు అయిన సోమవారం చేరాలి. "వార్డు లేని చోట నర్సునై ఏం చేసేది పెద్దమ్మా? ఓడితే వెళ్ళిపోతా. ఇంకో బిడ్డని గొర్రెల బండి పక్కన పట్టుకోవడం నావల్ల కాదు" అంది.

ఆ మర్నాటినుంచీ డొలీనాకి ఇల్లు పట్టలేదు. పడవ కోసం వరసలో నిలబడ్డవాళ్ళకి చెప్పింది, ఉన్ని వేలంలో చెప్పింది, ప్రార్థన అయ్యాక చర్చి గుమ్మంలో పాస్టరు గారినే ఆపి చెప్పింది. లాకీకైతే మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"నాకెందుకులే అక్కా, నాది ఎప్పుడూ గెలిచేవాడి పక్షమే" అన్నాడతను.

"నీ పొగగొట్టాన్ని అడిగితే చెబుతుందిరా నీ పక్షమేదో. వెధవ్వేషాలు మాని నారింజ దాని మీద ఇష్‌బెల్‌కి గియ్యి."

గురువారం ఓట్లు పడ్డాయి. శుక్రవారం పొద్దున్నే సముద్రానికి అవతల రేవు పట్నం ఆటల హాల్లో లెక్కింపు మొదలైంది. దీవిలో ఎప్పటిలాగే తాళ్ళు ఖాళీ, జనం కంచెల దగ్గర. మధ్యాహ్నం దాటాక ఊదా కాగితాలు వచ్చేశాయి. బ్రెమ్నర్ మళ్ళీ గెలిచాడు. లాకీ పొగగొట్టం మీద ఒకటి వాలింది. ఈసారి అతను నిచ్చెన తియ్యలేదు. చూసేవాళ్ళు చూడనీ అన్నట్టు చేతులు కట్టుకుని కింద నిలబడ్డాడు.

నారింజవి రావాలి. అవి ఎప్పుడూ మూడింటికల్లా వస్తాయి. లెక్కపెట్టేవాళ్ళకన్నా ముందే వాటికి తెలుస్తుంది, ఇంతవరకూ అవి తప్పు చెప్పిన పాపాన పోలేదు. మూడయింది. మూడున్నరయింది. సముద్రం మీద గాలి ఉంది, పక్షులున్నాయి, కాగితాలు లేవు.

నాలుగింటికి డొలీనా ఫోను మోగింది.

"పోయింది పెద్దమ్మా." ఇష్‌బెల్ లెక్కింపు హాల్లోంచి మాట్లాడుతోంది. "ప్రకటించే ముందు అంకెలు చూపించారు. పెద్ద పార్టీకి ఎనిమిదితో భాగించాక పదకొండు వేల రెండు వందల యాభై. నాకు పదకొండు వేల నూట డెబ్భై తొమ్మిది. డెబ్భై ఒక్క ఓట్లు. సరేనని సంతకం పెట్టి వచ్చేస్తున్నా."

"పెట్టావంటే చేతులు విరుస్తా. నువ్వు ఓడావని ఎవరు చెప్పారే నీకు?"

"అధికారి గారు. అంకెలు చూశానుగా."

"ఇక్కడ మా నారింజ కాగితాలు ఒక్కటీ రాలేదు."



"ఒక్కటీనా?"

"ఒక్కటంటే ఒక్కటి. కంచెలన్నీ చూశాం. వెళ్ళి మళ్ళీ లెక్కపెట్టమను. బతిమాలకు, అడుగు."

ఇష్‌బెల్ హాలు మధ్యలోంచి నడిచి ఎన్నికల అధికారి బల్ల ముందు నిలబడింది. పెద్ద పార్టీ వాళ్ళు అప్పటికే కోట్లు తొడుక్కుంటున్నారు.

"మా నియోజకవర్గం నారింజ కాగితాలు మళ్ళీ లెక్కపెట్టించండి" అంది.

"మూడుసార్లు సరిచూశామమ్మా. అందరూ అలిసిపోయి ఉన్నారు. కారణమేదైనా ఉందా?" అన్నాడాయన.

పెద్ద పార్టీ తరఫు మనిషి నవ్వాడు. "ఓడిపోవడమే కారణం, ఇంకేముంటుంది!"

ఇష్‌బెల్ అతని వంక చూడలేదు. "ఆర్డ్‌కారన్ కాగితాలు ఇంటికి చేరలేదు సార్" అంది.

అధికారి నెరిసిన జుట్టు మనిషి. ఆయనదీ ఇంకాస్త ఉత్తరాన ఒక దీవే. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎన్ని చేరలేదు?"

"ఒక్కటీ చేరలేదు."

"అయితే లెక్కే తప్పు" అన్నాడాయన. లేచి నిలబడి, సర్దేసిన బల్లలన్నీ మళ్ళీ పరిపించాడు.

గంటన్నర పట్టింది. పెద్ద పార్టీ కట్టల్లో, పైనా కిందా వాళ్ళ కాగితాలుండి మధ్యలో నూరు ఇష్‌బెల్‌వి ఉన్న కట్ట ఒకటి దొరికింది. పొరపాటు ఎవరిదో ఎవరూ అడగలేదు. కూడికలు, తీసివేతలు, భాగహారం మళ్ళీ చేశారు. వాళ్ళ లెక్క పదకొండు వేల రెండు వందల ముప్పై ఏడున్నరకి దిగింది. ఆవిడది పదకొండు వేల రెండు వందల డెబ్భై తొమ్మిదికి ఎక్కింది. ఉత్తర ప్రాంతం ఏడో సీటు ఇష్‌బెల్ గిల్లీస్‌ది. ఆవిడ వేదిక ఎక్కి, కృతజ్ఞతలూ గట్రా ఏమీ చెప్పకుండా, "నాలుగు మంచాలు. సోమవారం నుంచీ అదే అడుగుతా, ఇచ్చేదాకా కూర్చోను" అని దిగిపోయింది. అన్నది అన్నట్టే చేసింది కూడా. పద్నాలుగు నెలలు పట్టింది, కానీ వార్డు తెరిచారు.

ఆ సాయంత్రం రేడియోలో కబురు వినగానే మా దీవిలో గంటలు కొట్టారు, సీసాలు తెరిచారు. లాకీ తను నారింజ దాని మీద ఇష్‌బెల్‌కే గీశానని ఊరంతా చాటాడు. ఈ ఒక్కసారీ నిజమే చెప్పాడు, అయినా ఎవరూ నమ్మలేదు. పొద్దు ఇంకా వాలలేదు. మే నెలలో మాకు వెలుగు ఓ పట్టాన పోదు. డొలీనా ఎక్కడా కనబడకపోయేసరికి లాకీ గ్లాసు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చాడు. ఆవిడ కంచె దగ్గర, సముద్రం వైపు తిరిగి నిలబడి ఉంది. కళ్ళనిండా నీళ్ళున్నాయి, తుడుచుకోలేదు.

"ఇంకా ఇక్కడేం చేస్తున్నావక్కా? నీ నారింజ కాగితం ఇక రాదులే, లోపలికి పద."

"రాదని నాకు తెలుసురా" అంది డొలీనా. "పద్దెనిమిదో ఏటినుంచీ వేస్తున్నాను. ఒక్కటైనా రాకుండా పోతే ఎలా ఉంటుందో, కాసేపు చూడనీ."