మాగిన పండు వాసన

సరోజకు పధ్నాలుగేళ్లు. రెండేళ్లుగా చక్కెర జబ్బు. ఆ వయసు పిల్లకు ఆ జబ్బంటే తిరువూరులో నమ్మేవాళ్లు తక్కువ. తల్లి నాగేంద్రమ్మ రోజూ గాజు సిరంజి మరగబెట్టి, తొడకు ఇన్సులిన్ సూది వేసి, తర్వాత అన్నం పెట్టేది. సూది వేశాక తిండి తప్పితే పిల్ల పడిపోతుందని డాక్టరు దశరథరామయ్య చెప్పాడు. ఆ మాట ఆమె ఒక్కపూట కూడా తప్పలేదు.

1976 మే నెలలో సరోజకు జ్వరం వచ్చింది. లంఖణం పరమౌషధమని నాగేంద్రమ్మ పుట్టింట్లోనూ విన్నది, అత్తింట్లోనూ విన్నది. అన్నం మానిపించింది. అన్నం లేదు కాబట్టి సూదీ ఆపేసింది.

మూడోరోజు సరోజకు వాంతులయ్యాయి. కడుపునొప్పి అంది. చెంబులకొద్దీ నీళ్లు తాగింది. దగ్గరికి వెళితే నోట్లోంచి మాగిన పండు వాసన. పక్కగదిలో గడ్డి పరిచి మామిడికాయలు మాగవేసి ఉన్నాయి.

"నోరు తెరువు," అంది నాగేంద్రమ్మ.

సరోజ తెరిచింది.

"ఎన్ని తిన్నావే?"

"తినలేదమ్మా."

గుమ్మంలో నిలబడ్డ పక్కింటి కరీంబీ నవ్వింది. "పిల్లిని పాలకుండ పక్కన పడుకోబెట్టి, తాగావా అని అడుగుతున్నావేంటక్కా?"

"నిజంగా తినలేదు పిన్నీ."

నాగేంద్రమ్మ చెంప మీద కొట్టింది. మామిడికాయల గదికి తాళం వేసింది. తర్వాత కూడా నోరు తెరిపించి చూసింది. వాసన పెరిగింది. తాళం ఉండగా ఎలా పెరిగిందని ఆమెకు తట్టలేదు.

పొద్దుగూకేసరికి సరోజ పరుగెత్తి వచ్చినదానిలా ఎగఊపిరి తీస్తోంది. పిలిస్తే పలకలేదు. కరీంబీ భర్త జట్కా కట్టాడు. కరీంబీ కూడా ఎక్కింది.

ఆస్పత్రిలో దశరథరామయ్య పిల్ల ముఖం దగ్గరికి వంగి లేచాడు.

"సూది వేస్తున్నావా?"

"అన్నం పెట్టట్లేదు గదండీ. మీరేగా చెప్పారు."

ఆయన పిల్ల నాడి పట్టుకున్నాడు. "చెప్పాను. జ్వరమొచ్చినా సూది ఆపొద్దని కూడా చెప్పాల్సింది."

సెలైన్ ఎక్కించి ఇన్సులిన్ మొదలుపెట్టాడు. మూత్రాన్ని నీలం మందులో కలిపి దీపం మీద కాస్తే, చక్కెర బాగా ఉన్నట్టు ఇటుకరంగుకు తిరిగింది.

"పళ్లు తిందని కొట్టానండీ. నోరంతా అదే వాసన."

"పండు కాదమ్మా. ఇన్సులిన్ లేకపోతే ఒళ్లు చక్కెరను వాడుకోలేదు. కొవ్వును కరిగించుకుంటుంది. అందులోంచి పుట్టే విషం వాసన అది. మేం జబ్బును పోల్చుకునేది కూడా దాన్నిబట్టే."

"బతుకుతుందాండీ?"

"ఒంట్లో నీరు ఇంకిపోయింది. అది ఎక్కాలి. ఇన్సులిన్ పనిచేసేకొద్దీ రక్తంలో పొటాషియం తగ్గుతుంది, గుండెకు ప్రమాదం. అదీ చూసుకుంటూ ఎక్కించాలి. రేపటిదాకా ఏమీ చెప్పలేను."

నాగేంద్రమ్మ మంచం పక్కనే కూచుంది. పిల్ల కళ్లు తెరిస్తే, నువ్వు తినలేదని తెలిసిందే అని చెప్పాలి. ఇంకేమీ అక్కర్లేదు.

"నేనైనా నవ్వకుండా ఉండాల్సింది," అంది కరీంబీ.

మర్నాడు మధ్యాహ్నానికి ఊపిరి నెమ్మదించింది. సరోజ కళ్లు తెరిచింది. చెప్పడానికి నాగేంద్రమ్మ ముఖం దగ్గరికి వంగింది.

తల్లి వంగడం చూసి, అడగకుండానే, సరోజ నోరు తెరిచింది.