కుండలో ఒక్క ముద్ద

నాకు కోపం శానా. కర్నూలు ట్రైనింగు కాలేజీలో నా కింద చదివి అయ్యవార్లయినోళ్లను ఎవర్నడిగినా చెప్తారు. యాభైఆరులో వచ్చిన హనుమన్నను తిట్టినట్ల మాత్రం ఇంకెవర్నీ తిట్టలేదు.

ఆ ఏడు కొత్తగా ఒక పని పెట్టినాం. ట్రైనింగుకొచ్చినోళ్లకు ఒక్కొక్కరికి, వాళ్లు పాఠాలు చెప్పే హైస్కూలు పిల్లోళ్లను ఐదుగురిని అప్పజెప్తాం. వాళ్ల ఇండ్లకు పోవల్ల, మంచీచెడ్డా కనుక్కోవల్ల, కార్డులో రాయల్ల. హనుమన్నకు వచ్చినోళ్లలో గిడ్డమ్మ ఒకతె. నాలుగో ఫారం, అంటే తొమ్మిదో తరగతి. లెక్కల్లో పిడుగు. పదైదు దినాలుగా బడికి రాలేదు.

"పోయి పిల్చుకరాపో" అంటి. పోయొచ్చి మొగం యాలాడేసుకొని నిలబడె.

"పిల్లను ఇంక పంపదంట సార్. వాళ్లమ్మ తిరుపతమ్మ తలుపేసుకునె. మా ఇంట్లో సంగటి ముద్ద ముట్టనోడు మా పిల్లకేం చెప్తాడు అనె."

"తినలేదా?"

"కడుపు నిండిందని అబద్ధం చెప్పినా సార్."

నాకు అరికాలి మంట నెత్తికెక్కె. "థూ, నీ చదువు మన్నుగాను! పెట్టిన సంగటి వద్దంటే వాళ్లను వాకిట్లో నిలబెట్టి కొట్టినట్లే గదప్పా! నువ్వు యాడ పుట్టినావు?"

వాడు తలొంచుకొని, "కుండలో ఒక్క ముద్దే ఉండె సార్. గిడ్డమ్మ దాని దిక్కే చూస్తాండె" అనె.

కార్డు రాసేది నేర్పినా గానీ, ఒక్క ముద్ద ఉన్న ఇంట్లో ఎట్ల కూచోవల్లో నేర్పలేదు. తప్పు నాదే.

మర్సనాడు ఇద్దరం పోయినాం. తిరుపతమ్మ మొగం తిప్పుకునె. హనుమన్న గడప కాడ చతికిలబడి, "అక్కా, ఆకలైతాండాది. ముద్ద పెట్టు" అనె.

ఆమె పళ్లెంలో సంగటి, ఊరుబిండి పచ్చడి తెచ్చి పెట్టింది. వాడు చెయ్యి కడుక్కొని ముద్దను రెండు చేసి, ఒక సగం గిడ్డమ్మ చేతిలో పెట్టినాడు. తన సగం ఊరుబిండి నంజుకొని ఊడ్చినట్ల తిన్యాడు.

అప్పుడు నోరు తెరిచింది తిరుపతమ్మ. "బడికి సద్ది కట్టియ్యను ఏమీ లేదు అయ్యవారూ. అందరూ తింటాంటే పిల్ల గోడ దిక్కు తిరిగి కూచుంటాదంట. అందుకే మాన్పిచ్చినా."

"రేపట్నుంచి నా సద్దిలో సగం గిడ్డమ్మది" అన్యాడు హనుమన్న. "వద్దనిందంటే నేనూ తలుపేసుకుంటా."

తిరుపతమ్మ నవ్వుతానే కొంగుతో కండ్లు తుడుచుకునింది.

మర్సనాడే గిడ్డమ్మ బడికొచ్చింది. ఆ వారమే కార్డులు నా బల్ల మీదికొచ్చినాయి. 'ఉపాధ్యాయుడు చేసిన సహాయం' అన్న చోట హనుమన్న ఇట్ల రాసినాడు: "నేను చేసింది ఏమీ లేదు. వాళ్లే ఉన్న ముద్దలో నాకు సగం పెట్టినారు."

నేను ఆ కార్డు దిద్దకుండా ఎర్ర సిరా కలం పక్కన పెడితి.