మెడికల్ బస్సు

క్యాంపులో ఏడో నంబరు గది ముందు ఇసుకలో పరుపు కాలుతోంది.

షిఫ్టు బస్సు దిగిన హన్మాండ్లుకు అది ఎవరి పరుపో మొదట అర్థం కాలేదు. సగం కాలిన దుప్పటి మీద నెమలి బొమ్మ చూశాక తెలిసింది. గంగాప్రసాద్‌ది. మూతులకు గుడ్డలు కట్టుకుని, చేతులకు రబ్బరు గ్లౌజులు వేసుకున్న ఇద్దరు అతని సూట్‌కేసును కర్రలతో మంటలోకి తోస్తున్నారు.

పాడైన ఏసీలు పడేసే స్టోరుకు కొత్త తాళం పడింది. కిటికీ ఊచలు పట్టుకుని లోపల గంగాప్రసాద్ నిలబడ్డాడు. ముప్పై ఏళ్లు కూడా లేని మనిషి, ఒక్క పూటలో ముసలివాడిలా ఉన్నాడు.

"హన్మాండ్లు మామా! నాకేమైందే? వీసా మెడికల్‌ల అన్‌ఫిట్ వచ్చిందట. ఎల్లుండి విమానం ఎక్కిస్తరట. ఏం రోగమంటే చెప్తలేరు!"

హన్మాండ్లు ఒక అడుగు ముందుకు వేశాడు. రెండో అడుగు పడలేదు.

ఇద్దరిదీ జగిత్యాల పక్క ఊరే. అబుదాబి ఎడారిలోని రువైస్ రిఫైనరీలో ట్యాంకుల చుట్టూ స్కఫోల్డింగ్, అంటే పైపుల పరంజా, కట్టే గ్యాంగు వాళ్లది. కింద నుంచి గంగాప్రసాద్ పైపు అందిస్తే, పైన హన్మాండ్లు చూడకుండానే అందుకునేవాడు. నాలుగేళ్లలో ఒక్క పైపు జారలేదు. అలాంటి మనిషి ఆ రోజు ఊచల దగ్గరికి చేయి చాపలేకపోయాడు. గదికి పోయి, తన పళ్లెం డెట్టాల్‌తో రెండుసార్లు కడిగాడు. మంచం తల దగ్గరున్న కొండగట్టు అంజన్న పటం ముందు అగరుబత్తి వెలిగించి, "నాకు రానియ్యకు సామీ" అని మొక్కాడు.

మొక్కాడే గాని, అగరుబత్తి ఆరకముందే ఆ మొక్కు తప్పనిపించింది. కొండగట్టు మీద మతి తప్పినవాళ్లను తెచ్చి నలభై రోజులు గుడిలో పడుకోబెడతారు. వాళ్లను అంజన్న ఎప్పుడైనా గేటు బయట ఆపాడా? ముందు మెడికల్ చేయించుకుని రమ్మన్నాడా? దేవుడు చేయని పని తాను ఎందుకు చేస్తున్నట్టు?

ఆ సాయంత్రం క్యాంపులకు కూరగాయలు తెచ్చే కడప కరీముల్లా వ్యాను ఆపి, కాలిన పరుపు బూడిద చూశాడు. ఏమీ అడగలేదు. ఒక ఫోను నంబరు రాసిచ్చాడు.

"అచ్చాయమ్మగారని, గోదావరి జిల్లావిడ. అబుదాబిలో నర్సు. ఇట్లా అన్‌ఫిట్ చీటీ వచ్చినోళ్లకు మేం నలుగురం కలిసి సాయం చేస్తాం భాయ్. మాకు బోర్డు లేదు, పేరు లేదు. ఫోను చేయి."

హన్మాండ్లు చేసి, జరిగిందంతా చెప్పాడు.

"అన్నయ్యగారూ, ముందొకటి వినండి. అది ఎయిడ్స్ జబ్బే అనుకుందాం. పక్కన కూర్చుంటే రాదు. ఒకే పళ్లెంలో తింటే రాదు. ఆ అబ్బాయికి పెళ్లయిందా?"

"అయింది. పోయిన సెలవుకు ఇంటికి పోయొచ్చిండు. మంజులకిప్పుడు ఎనిమిదో నెల."



"అయితే టైము లేదండి. క్షయకీ అన్‌ఫిట్టే వేస్తారు, లివరు జబ్బుకీ అదే వేస్తారు, దీనికీ అదే. ఏదో తెలియాలి. ఇదే అయితే ఆ అమ్మాయికి వెంటనే పరీక్ష చేయించాలి. కాన్పప్పుడు తల్లికి, పుట్టగానే బిడ్డకి మందు వేస్తే చాలామంది పిల్లలకి రాకుండా ఆగుతుంది. మీ కరీంనగర్ పెద్దాసుపత్రిలోనే ఇస్తారు. జబ్బు పేరు రాసిన రిపోర్టు అతని చేతికి ఇప్పించండి."

"కంపెనీ ఇయ్యనంటే?"

"ఇప్పటిదాకా ఎవరూ అడగలేదండి."

అన్నం తినే వేళ మెస్సులో హన్మాండ్లు లేచి ఈ మాట చెప్పాడు. గొడవ మొదలైంది.

"పాపం జేసిండు, పడతడు" అన్నాడొక వెల్డరు.

"నువ్వు చెయ్యలేదారా? బొంబాయిల ఏజెంటు పదిహేను దినాలు ఆపితే నువ్వు యాడ తిరిగినవో అందరికీ చెప్పాల్నా?" అని మూల నుంచి ఎవరో అన్నారు. అంతా గొల్లున నవ్వారు. వెల్డరు ముఖం మాడిపోయింది.

"మనకెందుకే లొల్లి? ఇంటికి పోయినంక వాడే పరీక్ష చేయించుకుంటడు" అన్నాడు ఇంకొకడు.

"చేయించుకోడు" అన్నాడు హన్మాండ్లు. "నా చెల్లె గౌరవ్వ మొగడు మూడేండ్ల కింద గిదే చీటీతోటి గల్ఫుల నుంచి ఇంటికి పోయిండు. 'కంపెనీ మూసిండ్రని చెప్పు బావా, లేకుంటే ఇజ్జత్ పోతది' అని ఫోన్ల అన్నది నేనే. నేనే అన్న. బావ పోయిండు. బావ ఎన్క చెల్లె, చెల్లె ఎన్క దాని బిడ్డ. ఇప్పుడు మా ఇంట్ల ఇజ్జత్ ఒక్కటే మిగిలింది."

"అయితే రిపోర్టు ఇచ్చేదాక పొద్దున ఎవలం బస్సెక్కొద్దు" అన్నాడు మూలనున్నవాడు.

తెల్లవారింది. నాలుగు వర్క్ బస్సులు ఇంజన్లు ఆన్ చేసుకుని ఉన్నాయి. నూట నలభై మంది బస్సులెక్కకుండా స్టోరు ముందు నిలబడ్డారు. క్యాంప్ బాస్ వేణుగోపాలరావు గాబరాగా వచ్చాడు.

"ఏంటిది? షట్‌డౌన్ రిపేర్లు తొమ్మిది రోజుల్లో అయిపోవాలి. మేనేజరు నా ప్రాణం తీస్తున్నాడు. పదండి పదండి, యల్లా!"

"గంగాప్రసాద్ రిపోర్టు ఇయ్యండి సార్. పోతం."

"రిపోర్టు మీకెందుకు? పంపించేస్తున్నాంగా, ఖలాస్." రావు జేబులోంచి కలం, పుస్తకం తీశాడు. ఒకవైపు ఆగి ఉన్న చిన్న తెల్ల బస్సును చూపించాడు. వీసా పరీక్షలకు మనుషుల్ని తీసుకెళ్లే బస్సు అది. "సరే, ఇక్కడ నిలబడ్డ ప్రతివాడి పేరూ రాస్తా. వాడితో కలిసి తిన్నోళ్లే కదా మీరంతా! అందర్నీ ఇదే బస్సులో మెడికల్‌కి పంపిస్తా. ఎవడికేముందో తేలిపోద్ది. అన్‌ఫిట్టయినోడు అటు నుంచి అటే ఇంటికి!"

మనుషులు వెనక్కి జరిగారు. ఎవరి భయం వాళ్లకుంది. ఎవరి బొంబాయి వాళ్లకుంది. ఒక చీటీతో పోయేది ఉద్యోగమొక్కటే కాదు, ఊళ్లో పరువు కూడా. రావుకు ఆ సంగతి బాగా తెలుసు. ఇన్నేళ్లుగా క్యాంపును నడిపింది ఆ భయమే. నవ్వాడు.

హన్మాండ్లుకూ ఆ భయముంది. ఆ భయంతోనే నడిచి తెల్ల బస్సు మెట్టెక్కాడు.

"రాయి సార్. ముందు నా పేరు రాయి."



రాత్రి ముఖం మాడిన వెల్డరు జనంలోంచి బయటికొచ్చాడు. "నాది రాయి. ఉంటే ఉంటది, తెలుస్తది గదా" అని బస్సెక్కాడు. తర్వాత క్రేనుకు బరువులు కట్టే రిగ్గరు. తర్వాత పెయింటర్లు, ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని. "నాది!" "అరే మేరా భీ లిఖో!" తెల్ల బస్సు నిండిపోయింది. పట్టనివాళ్లు దాని చుట్టూ ఇసుకలో కూర్చున్నారు. నాలుగు వర్క్ బస్సులూ ఖాళీగా మూలుగుతున్నాయి.

రావు చేతిలో కలం ఆగిపోయింది. నూట నలభై మందినీ మెడికల్‌కు పంపితే షట్‌డౌన్ పని ఎవరు చేస్తారు? గొంతు తగ్గించాడు.

"హన్మాండ్లూ, మనం మనం తెలుగోళ్లం. ఇలా పరువు తీస్తారా?"

"తెలుగోనివైతే తెలుగుల చెప్పు సార్, వానికేం రోగమో!"

బస్సంతా గొల్లున నవ్వింది.

పోలీసు జీపు వచ్చి గేటు దగ్గరే ఆగింది, లోపలికి రాలేదు. ఎండ నెత్తికెక్కింది. నీళ్ల సీసా చేతులు మారుతూ పోయింది. హన్మాండ్లు బస్సు దిగి దాన్ని ముందు ఊచల మధ్య నుంచి గంగాప్రసాద్‌కు అందించాడు. అతను తాగి ఇచ్చాక తాను తాగాడు. పక్కవాడికిచ్చాడు. వాడు ఒక్క క్షణం చూసి తాగాడు.

పదకొండింటికి కంపెనీ కాగితాలు చూసే మందూబ్ కారు దిగి, మూసిన కవరు తెచ్చాడు. స్టోరు తాళం తీశారు. ఫోనులో ఒక్కొక్క అక్షరమూ చదివించుకుని అచ్చాయమ్మ చెప్పింది: అదే జబ్బు.

గంగాప్రసాద్ ఇసుకలో కూలబడ్డాడు. ఎవరూ దూరం జరగలేదు. చాలాసేపటికి అతనే ఫోను అడిగాడు.

"మంజులా, నాకు రోగమున్నది. నీకు చెప్పకుంట నేను ఇంటికి రాను. రేపు పొద్దుగాల మీ అవ్వను తోలుకొని కరీంనగర్ పెద్దాసుపత్రికి పో. నీకు పరీక్ష చేయాలె. బిడ్డకు మందున్నదట."

అవతల ఆమె ఏడ్చిందో లేదో వీళ్లకు తెలియలేదు. గంగాప్రసాద్ మాత్రం తల తిప్పి అడిగాడు: "ఏ వార్డుకు పోవాల్నో చెప్పమంటుంది."

వర్క్ బస్సులు కదిలాయి. కంపెనీ కూడా జరిగింది మరవలేదు. మందిని రెచ్చగొట్టాడని హన్మాండ్లు వీసా కొట్టేసి, అదే విమానానికి టికెట్టు కొట్టింది.

మర్నాడు మంజుల రక్తం ఇచ్చివచ్చానని కబురు చెప్పింది. ఆ రాత్రి అబుదాబి ఎయిర్‌పోర్టులో ఇద్దరూ బెంచీ మీద కూర్చుని ఉండగా, వేర్వేరు కంపెనీల మందూబ్‌లు ఇంకో ఐదుగురిని తెచ్చారు. వాళ్ల చేతుల్లో ఒకే రకం చీటీలు.

"ఏం రోగం భాయ్?" అని గంగాప్రసాద్ పక్కవాడిని అడిగాడు. నిజామాబాద్ మనిషట.

"ఏమో. అన్‌ఫిట్ అన్నరు."

గంగాప్రసాద్ హన్మాండ్లు వైపు చూశాడు. తర్వాత జేబులోంచి తన కవరు తీసి, ప్రపంచానికి తెలియకుండా దాచాల్సిన ఆ కాగితాన్ని అందరి ముందూ విప్పాడు.

"గిది నాది. నాకేమున్నదో దీంట్ల రాసిండ్రు. మా క్యాంపు నూట నలభై మంది కూసుంటే వచ్చింది. నీది నువ్వు అడుగు."

నిజామాబాద్ మనిషి తన చీటీని, ఆ కాగితాన్ని మార్చి మార్చి చూశాడు. బీహారు నుంచి వచ్చినవాడు, "క్యా లిఖా హై?" అని వంగాడు. హన్మాండ్లు హిందీలో చెప్పాడు. ఐదుగురూ దగ్గరికి జరిగారు.

"యల్లా, యల్లా!" అంటూ ఒక మందూబ్ చేయి ఊపాడు.

నిజామాబాద్ మనిషి నేల మీద కూర్చున్నాడు. "రిపోర్టు లావో" అన్నాడు. అతని పక్కన బీహారువాడు కూర్చున్నాడు. మిగతా ముగ్గురూ కూర్చున్నారు. హన్మాండ్లు, గంగాప్రసాద్ బెంచీ దిగి వాళ్ల మధ్యకు వచ్చారు.

వాళ్లెక్కాల్సిన బొంబాయి విమానానికి చివరి పిలుపు వినిపించింది. ఎవరూ లేవలేదు.